సముద్రానికి వాటా లేదు

ఆయన పోయిన కబురు ఆఫీసు వాట్సాప్ గ్రూపులోకి పొద్దున పదకొండింటికి వచ్చింది. సాయంత్రానికి ఇరవై ఒక్క దండాలు, రెండు దీపాలు, ఒక బొటనవేలు చేరాయి. బొటనవేలు పొరపాటున పడిందని పెట్టినవాడు తర్వాత విడిగా సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఆయన బతికుంటే, మొత్తమ్మీద ఆ బొటనవేలొక్కటే మనసులోంచి వచ్చిందనేవాడు.

మర్నాడు హెడ్డాఫీసు నుంచి ఫోను. "నీదీ ఆయనదీ ఒకటే భాష కదా, సంతాపంగా నాలుగు వాక్యాలు రాసి పంపు" అన్నారు. మూడు రాసి పంపాను. సమయపాలన, క్రమశిక్షణ, వృత్తిలో లోతు. నాలుగోది ఎంతకీ రాలేదు. ఇది ఆ నాలుగో వాక్యం. కొంచెం పొడుగైంది.

మా ఆఫీసులో పని ఓడలు గుద్దుకున్నాక మొదలవుతుంది. సూరత్‌కి సముద్రం ఉందని సూరత్‌లోనే చాలామందికి గుర్తుండదు, చీరలున్నాయని గుర్తుంటుంది. ఊరికి పడమటగా, తాపీ నది సముద్రంలో కలిసే వైపు రేవులున్నాయి. బొగ్గు తెచ్చే పెద్ద ఓడలు లోపలిదాకా రాలేక దూరంగా లంగరేసుకుని నిలబడతాయి. వాటి బొగ్గుని బార్జీలు ఒడ్డుకి మోసుకొస్తాయి. ఇక్కడి పోటూ పాటూ మామూలువి కావు. రెండంతస్తుల మేడంత నీరు రోజుకి రెండుసార్లు లేస్తుంది, రెండుసార్లు దిగుతుంది. అంచేత అప్పుడప్పుడు ఒకటొచ్చి ఇంకొకదానికి తగులుతుంది. తగిలాక ఎవరి తప్పు ఎంతో తేల్చడం ఆయన పని. ఓడల జాడలన్నీ కంప్యూటర్లో పోసి, ఎంత దూరంలో గుద్దుకోకుండా తప్పించుకున్నాయో, ఇక ముందు గుద్దుకునే అవకాశం ఎంతో లెక్కగట్టడం నా పని. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసినవాడికి జీవితంలో దొరికే ఉత్కంఠ ఆ మాత్రమే.

ఆయన్ని అందరం కెప్టెన్ గారూ అనేవాళ్ళం. నిజంగా ఏ ఓడకైనా కెప్టెనో కాదో ఎవరమూ అడగలేదు. కాకినాడ వైపు మనిషి. నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. "లెక్కలాయనా" అనేవాడు, అదేదో అంగవైకల్యం అన్నట్టు.

వరండాలో ఎదురుగా ఎవరైనా వస్తుంటే, వాళ్ళింకా ఇరవై అడుగుల దూరంలో ఉండగానే ఆయన చటుక్కున కుడి గోడకి ఒరిగిపోయేవాడు. చేరినకొత్తలో నేనంటే అసహ్యమేమో అనుకున్నాను. తర్వాత ఆయనే చెప్పాడు. "మలుపంటే ముందుగా ఉండాలయ్యా, పెద్దగా ఉండాలి. ఎదుటివాడికి కనబడాలి. కొంచెం కొంచెంగా తిరిగేవాడే గుద్దుతాడు." మాటల్లోనూ అంతే. కాదు అని చెప్పవలసినచోట ముందుగా, పెద్దగా చెప్పేవాడు. కరోనా వచ్చి ఆరడుగుల దూరం అన్నప్పుడు దేశమంతటా ఇబ్బంది పడనిది ఆయనొక్కడే. ఆయనకది తగ్గింపు.

ఆయన బల్ల మీద రెండు నాడెలుండేవి. మరమగ్గాల్లో దారం మోసుకుని అటూ ఇటూ పరిగెత్తే చెక్క నాడెలు. పాత మగ్గాలు తుక్కుకింద అమ్మేసేచోట, ఊళ్ళోనే మగ్గాల పేట భేస్తాన్‌లో ఏరుకొచ్చాడు. రెండు కొసలా మొన తేలి, అచ్చం ఓడల్లా ఉంటాయి. ప్రమాదంలో బతికి బయటపడ్డవాళ్ళని కూర్చోబెట్టి, బల్ల మీద సముద్రపు పటం పరిచి, నాడెలు చేతికిచ్చేవాడు. "నోటితో వద్దు. జరిపి చూపించు." నోరు అబద్ధమాడినా చెయ్యి ఆడదని ఆయన సిద్ధాంతం.

చట్టానికి రెండు ఓడల మధ్య వాటా తేలిస్తే చాలు. దీనికి అరవై, దానికి నలభై, అయిపోయింది. ఈయనకి చాలదు. ఓడలోకి దిగి మనుషులకి కూడా పంచేవాడు. మొత్తం వంద కావాలి. వందలో ఒక్కటి కూడా గాలికిగాని, మంచుకిగాని, ప్రవాహానికిగాని వెళ్ళడానికి వీల్లేదు. "సముద్రానికి వాటా లేదు. సముద్రం సంతకం పెట్టదు" అనేవాడు. మొదటి నెలలో ఒక నివేదికలో నేను ప్రవాహానికి పది శాతం రాశాను. ఆయన ఆ పదిని ఎర్రసిరాతో కొట్టేసి, "ఈ పది ఎవరింటికి పంపించను?" అని పక్కన రాశాడు.

ఈ వ్యాధి ఆఫీసు దాటి కూడా ఉండేది. టీ తెచ్చే కాంచన్‌బెన్ ఒకసారి గ్లాసు ఒలకబోసింది. ఆయన కాగితాలు తుడుచుకుంటూ, "నీకు డెబ్భై, బల్ల అంచున కాగితాలు పెట్టినందుకు నాకు ముప్పై" అన్నాడు. "ఔర్ గ్లాస్ కో?" అందావిడ. "గ్లాస్ కో కుఛ్ నహీ." భార్య ఎప్పుడో విడిచి వెళ్ళిపోయిందట. ఎవరో పొరపాటున కారణం అడిగితే "అరవై, నలభై" అన్నాడట. అరవై ఎవరిదో చెప్పలేదు.

మొదటి లాక్‌డౌన్ సడలించాక వాచ్‌మన్ తల్లి కరోనాతో పోయింది. పదమూడో రోజు దాటి అతను డ్యూటీకొచ్చాడు. అందరం గేటు దగ్గర నిలబడి, నోటికొచ్చిన ఓదార్పు ఏదో చెబుతున్నాం. ఈయన వచ్చి, "ఎక్కడంటుకుంది?" అన్నాడు. మేనమామ కూతురి పెళ్ళిలో అన్నాడతను. "వద్దందా ఆవిడ?" వద్దనే అంది, నేనే తీసుకెళ్ళాను అన్నాడు. ఈయన ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు, అదే భయంకరం. "పెళ్ళి పెట్టినవాళ్ళకి నలభై. ఆవిడకి అయిదు. నీకు యాభై అయిదు" అని చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాచ్‌మన్ ఆయనకి సెల్యూట్ చెయ్యడం మానలేదు. ఇంకాస్త గట్టిగా చేసేవాడు. నాకర్థం కాలేదు. ఇప్పుడు కొంత అవుతోంది.

రాజమల్లు కేసు ఆ చలికాలంలో వచ్చింది.

రాజమల్లుది సిరిసిల్ల దగ్గర. భేస్తాన్‌లో మగ్గాల మీద పనిచేసేవాడు. కరోనాకి మగ్గాలు, వాళ్ళ మాటలో సాంచెలు, ఆగాయి. అతని అక్క పద్మ భర్త చాలాకాలం కిందటే మగ్గం వదిలి బార్జీ ఎక్కి, దాన్ని నడిపే తాండేల్‌దాకా ఎదిగినవాడు. బావమరిదిని బార్జీలో ఖలాసీగా పెట్టించాడు. బార్జీలో బొగ్గు గుట్టలా పోస్తారు, వెనక చుక్కాని దగ్గరున్న తాండేల్‌కి ముందేముందో కనబడదు. ముందు కొసన ఒక ఖలాసీ నిలబడి చూసి వాకీటాకీలో చెప్పాలి. అది రాజమల్లు పని.

ఒక మంచు పొద్దున బావ అడిగాడు. ఇతను చెప్పాడు. కాసేపటికి బార్జీ వెళ్ళి పెద్ద ఓడకి తగిలి బోల్తాపడింది. ముందున్న రాజమల్లు నీళ్ళలోకి విసిరినట్టు పడ్డాడు, తేలాడు. వెనక చుక్కాని గదిలో ఉన్న బావ తేల్లేదు.

ఆయన నాడెలు చేతికిచ్చినప్పుడు రాజమల్లు మొహం ఒక్కక్షణం విప్పారింది. "గిది నాడె గద సార్!" అన్నాడు, ఊళ్ళో చుట్టం కనబడ్డట్టు. బొటనవేలితో దాని మొన తడిమాడు.

"నాడె కాదు. ఇది మీ బార్జీ. అది ఓడ. జరుపు."

రాజమల్లు బార్జీని జరిపాడు. ఓడని కదపలేదు.

"మీ బావ ఏమడిగాడు?"

"ముంగట ఏమున్నదిరా అన్నడు సార్. జహాజ్ లంగర్ల ఉన్నది, నువ్వు పో బావా అన్న."

"చూసి అన్నావా?"

"కనవడ్డది సార్. మంచుల నల్లగ కనవడ్డది."

"కనబడిందా అని కాదు. లంగరు మీద ఉందని చూశావా?"

రాజమల్లు ఓడ నాడె మీద వేలు పెట్టాడు. "నలబై దినాల సంది గాడనే ఉన్నది సార్. దినాం గదే జాగల. దినాం బావ గదే అడుగుతడు, నేను గదే చెప్త."

ఆయన వేలితో రెండో నాడెని మెల్లగా, ఒక అంగుళం, పక్కకి తోశాడు. ఆ పొద్దున ఓడ లంగరు నేల పట్టు తప్పి, ప్రవాహానికి ఈడ్చుకుపోతోంది. ఓడ పైన కాపలా చూడవలసిన సిబ్బంది చూసుకోలేదు. వాళ్ళ ఒప్పందాలు ఎప్పుడో ముగిశాయి, కరోనా వల్ల ఏ దేశమూ దింపుకోక నెలల తరబడి ఓడలోనే ఉన్నారు. వాళ్ళు అప్పటికి నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నారు.

ఆ సాయంత్రం వాటాలు పడ్డాయి. ఓడకి అరవై. బార్జీకి నలభై. మంచులో ఎంత వేగం దాటకూడదో, తాండేల్ ఎంత దాటాడో నేను లెక్కగట్టాను. ఇరవై అయిదు వచ్చింది. మిగిలింది పదిహేను. దాన్ని ఎవరూ లెక్కగట్టలేదు. నలభైలోంచి ఇరవై అయిదు పోతే పదిహేను మిగులుతుంది, అంతే. మిగిలినదానికి మనిషి కావాలి. ఒకడు మిగిలి ఉన్నాడు. "వాసన చూడకుండా వంట బాగుందన్నట్టు చెప్పాడు" అని ఆయన తెలుగులో అని, ఇంగ్లీషులో మర్యాదగా రాశాడు: గమనించి కాక, అలవాటు కొద్దీ జవాబిచ్చెను.

వారం తిరక్కుండా పద్మ వచ్చింది. ముప్పై దాటి ఉండదు. కొంగే మాస్కులా ముక్కుకి చుట్టుకుంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా ఆయినె ఎట్ల వోయిండో నాకెర్కే సారు. ఎవలు జేస్తె వోయిండో చెప్పున్రి. కంపెనోళ్ళు మీకే తెలుసన్నరు."

వేరే ఎవరైనా అయితే ఇంకా తేలలేదమ్మా అని పంపేసేవాళ్ళు. ఆయన మలుపు ముందుగానూ పెద్దగానూ తిప్పాడు. "ఓడవాళ్ళకి అరవై. మీ ఆయనకి ఇరవై అయిదు, అంత జోరు కూడదు. మీ తమ్ముడికి పదిహేను."

"నా తమ్మునికా?"

"పదిహేను."

"మరి మంచుకు?"

"మంచుకి వాటా లేదమ్మా."

"గీ రోగమే లేకుంటె సాంచెలు బందు వడకపోవు. వాడు బార్జీ ఎక్కకపోవు. గీ రోగానికి ఎంతేసిన్రు?"

"రోగానికి లేదు."

"అంటె అంత మాకేనా?"

"మనుషులకే."

ఆవిడ జారిన కొంగు ముక్కు మీదికి లాక్కుంది. "గా పదిహేనంటె ఎక్కువా, తక్కువా?"

ఆయన కుర్చీ నా వైపు తిప్పాడు. "లెక్కలాయన ఉన్నాడుగా. అడుగు."

నేను చదువుకున్నవాణ్ణి. దయగలవాణ్ణి కూడా అనుకుంటూ ఉండేవాణ్ణి. "చాలా తక్కువమ్మా," అన్నాను. "వందలో పదిహేనే కదా."

ఆవిడ నన్ను చూసింది. "పోయింది వందమంది గాదు సారు. ఒక్కడే," అని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తర్వాత నెలకి రాజమల్లు వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అక్క ఇంట్లకు రానిస్తలేదు సార్. గ్లాసుతోని నీళ్ళు గూడ ఇస్తలేదు. పిల్లలు మామా అని ఉరికొస్తె రెక్కవట్టి లోపటికి గుంజుతది." గుమ్మం ఇవతలికి ఒక అడుగు వేశాడు. "నాకు పదిహేను వద్దనను సార్. రిపోర్టుల రాసుకోన్రి, యాబై రాసుకోన్రి. అక్కకు మాత్రం జర ఫోన్ జేసి, గలత్ అయింది, నీ తమ్మునికి సున్న అని చెప్పున్రి. గంతే. ఒక్క మాట."

"రెండు లెక్కలు రాసే అలవాటు లేదు నాకు," అన్నాడాయన తలెత్తకుండా.

"మీరు రాయకున్రి సార్. చెప్పున్రి."

"అబద్ధం చెప్పమంటావు."

"అవ్ సార్."

ఆయన తలెత్తాడు. రాజమల్లుని అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు. "చూడకుండా చెప్పబట్టే కదా నువ్వు ఇక్కడున్నావు," అన్నాడు. రాజమల్లు దండం పెట్టి వెళ్ళాడు. నేను కంప్యూటర్‌లో చాలా ముఖ్యమైన పని ఏదో చూసుకుంటున్నాను.

ఎండలు ముదిరేసరికి రెండో వేవ్ వచ్చింది. వాసన పోవడం మొదటి గుర్తు అని ఎక్కడో చదివి, ఆయన ఆఫీసు గుమ్మంలో ఇంగువ డబ్బా పెట్టాడు. వచ్చిన ప్రతివాడూ కళ్ళు మూసుకుని మాస్కు దించి, వాసన చూసి పేరు చెప్పాలి. ఓడలో దినచర్య రాసినట్టు ఆయనొక పుస్తకంలో రాసేవాడు. ఎవరు, ఎన్నింటికి, ఏమన్నారు.

ఒకరోజు కాంచన్‌బెన్ నవ్వింది. "సాహెబ్, రోజ్ హింగ్ జ హోయ్ ఛే. సూంఘ్యా వగర్ బోలీ దౌ." రోజూ ఇంగువే కదా, వాసన చూడకుండానే చెప్పేస్తాను అని. ఆయన నవ్వలేదు. ఆవిణ్ణి చాలాసేపు చూసి, డబ్బా మూత పెట్టాడు.

రాజమల్లు కేసు నివేదిక అందించవలసిన ఆఖరి రోజు పొద్దున, పళ్ళు తోముకుంటుంటే పేస్టుకి వాసన లేదు. సబ్బుకి లేదు. మా ఆవిడ పెట్టిన పోపుకి లేదు. జ్వరం లేదు, దగ్గు లేదు, ముక్కు ఒక్కటే రాజీనామా ఇచ్చింది. ఇంట్లో ఉండిపోతే సరిపోయేది. కాని ఆ నివేదిక మీద విశ్లేషకుడిగా మొదటిసారి నా పేరు పడుతోంది. రాకపోతే ఇంకొకడి పేరు పడుతుంది. ఇంతకంటే గొప్ప కారణం నాకు లేదు. ఉంటే రాసేవాణ్ణి.

గుమ్మంలో కళ్ళు మూసుకున్నాను. డబ్బా ముక్కు దగ్గరికొచ్చింది. గాలి వచ్చింది, ఇంకేమీ రాలేదు.

"ఇంగువ," అన్నాను.

ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత "రా," అన్నాడు.

కిటికీలు మూసి, ఏసీ వేసి, ఒకే బల్ల మీద అయిదు గంటలు పని చేశాం. పటాలు ఎగరకూడదని ఫ్యాను కూడా వెయ్యలేదు. మాటలు వినబడటం లేదని మధ్యాహ్నానికి ఇద్దరం మాస్కులు గడ్డం కిందికి దించాం. పదిహేను పదిహేనుగానే ఉంది. సంతకాలయ్యాయి. నా పేరు అచ్చులో బాగుంది.

వారం లోపల ఇద్దరికీ కరోనా అని తేలింది. నేను ఇంట్లో పడుకుని లేచాను. ఆయనకి ఆసుపత్రిలో మంచం దొరకడానికి రెండు రోజులు, ఆక్సిజన్ దొరకడానికి ఇంకొకటి పట్టింది. తర్వాత అన్నీ దొరికాయి, ఆయన లేడు. ఆయనకి నానుంచే అంటిందని నిరూపించలేమని నేను మూడు పేజీల లెక్క వెయ్యగలను. మంచంలో ఉండగా వేశాను కూడా.

కోలుకుని, నిన్న ఆయన బల్ల ఖాళీ చెయ్యడానికి ఆఫీసుకి వెళ్ళాను. దారిలో ఉండగా రాజమల్లు ఫోను.

"పెద్దసారు వోయిండంట గద సార్," అన్నాడు. నిజంగా బాధపడ్డాడు. తర్వాత, "అక్క పిల్లల్ని తీస్కొని ఊరికి వోయింది సార్. ఉధ్నా స్టేషన్‌కు వోయిన. మూట అందియ్యవోతె ముట్టనియ్యలే. రైలు కదుల్తాంటె గూడ ఇటు సూడలే."

"సర్దుకుంటుందిలే రాజమల్లూ," అన్నాను.

"అవ్ సార్," అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

బల్ల మీద నాడెలు రెండూ మొనలు కలిపి పెట్టి ఉన్నాయి. సొరుగులో డబ్బా, పుస్తకం. నా ముక్కు తిరిగొచ్చి నాలుగు రోజులైంది. ఊరికే మూత తీశాను. ఇంగువ డబ్బాని ఎంత కడిగినా ఇంగువ పోదంటారు. పోయింది. అంత బాగా కడిగాడు. లోపల కాఫీ పొడి ఉంది.

పుస్తకంలో ఆఖరి పేజీ తీశాను. ఆయన అక్షరాలు గుండ్రంగా, తొందర లేకుండా ఉన్నాయి.

డబ్బాలో: కాఫీ. కాంచన్‌బెన్, తొమ్మిదింటికి: కాఫీ. వాచ్‌మన్, తొమ్మిదీ పదికి: కాఫీ. లెక్కలాయన, తొమ్మిదిన్నరకి: ఇంగువ.

దాని కింద ఇంకో మూడు వరసలు. పటాలు ఇతనే పూర్తి చెయ్యాలి, ఇవాళే ఆఖరు. తెలిసే లోపలికి రానిచ్చాను. ఏమైనా జరిగితే, నాకు ఎనభై అయిదు, ఇతనికి పదిహేను.

చాలా తక్కువ. పద్మకి ఆ మాట చెప్పింది నేనే.